అమరావతి శిలలు, చందమామ పుటలు

వీరుని కథ ఒక ఘట్టమున ఆగినప్పుడు "తరువాత నేమి జరుగును?" అను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్న విన్నవారిని ఒకచోట చేర్చును. అమెరికాలో బొమ్మల కథల పుస్తకములు అమ్మెడు అంగళ్ళకు క్రొత్త సంచికలు వారమున కొకసారి, చిరకాలముగా బుధవారము నాడు, వచ్చుట ఆచారము. ఆనాడు అభిమానులు గుమిగూడి, ఈ వారము ఏ సంచిక బాగున్నది, ఏ వీరుడు తన స్వభావమునకు తగని పని చేసెను, ఏ చిత్రకారుని గీత నిండుగా నున్నది అని గంటల తరబడి తర్కించుకొందురు. పెద్దలు కొందరు దీనిని పిల్లల ఆటగా నెంచి నవ్వుదురు. ఆ నవ్వు న్యాయమైనది కాదనియు, ఈ అలవాటునకు మన గుంటూరు సీమలో దాదాపు రెండు వేల యేండ్ల వయస్సు కలదనియు మేము ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచితిమి.

గుంటూరుకు ఉత్తరముగా, కృష్ణానది కుడి యొడ్డున అమరావతి యున్నది. దాని ప్రక్కనే ధరణికోట. అదియే పూర్వపు ధాన్యకటకము. అచ్చటి మహాచైత్యము క్రీస్తుపూర్వము 3వ శతాబ్ది నాటికే అంకురించి, శాతవాహనుల కాలమున, క్రీస్తుశకము 2వ శతాబ్దిలో మహావైభవమును పొందినది. దాని అండము వ్యాసము సుమారు 50 మీటర్లు. చుట్టును నిలువు స్తంభములు, స్తంభముల నడుమ సూచులనబడు అడ్డురాళ్ళు, పైన ఉష్ణీషమనబడు దూలపు రాళ్ళు కలసి ఒక ప్రాకారముగా నిలిచెను. ఆ రాళ్ళు పలనాటి సున్నపురాళ్ళు. పాలరాతివలె తెల్లగాను, ఉలికి లొంగునంత మెత్తగాను ఉండుటచేత శిల్పులు వానిపై కథలను చెక్కిరి.

ఆ కథలను చదువు పద్ధతి యెట్టిది? పుస్తకమున పుట కదలును, చదువరి కదలడు. స్తూపము వద్ద రాయి కదలదు, చదువరియే కదలవలెను. భక్తుడు కుడివైపుగా ప్రదక్షిణము చేయుచు, ఒక స్తంభమునుండి వేరొక స్తంభమునకు, ఒక పద్మవలయమునుండి వేరొక వలయమునకు సాగును. అతని నడకయే కథకు కాలము. నలాగిరి యను మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ చెక్కిన వలయము నేడు చెన్నపురి ప్రభుత్వ మ్యూజియములో నున్నది. వలయమునకు ఎడమవైపున ఏనుగు మదించి వీథిలో విరుచుకొనిపడుచున్నది, జనులు చెదరి పారుచున్నారు, మేడల గవాక్షములనుండి కొందరు తొంగిచూచుచున్నారు. కుడివైపున అదే ఏనుగు బుద్ధుని ముందర మోకరిల్లుచున్నది. నడుమ గీత లేదు, గడి లేదు. ఏనుగు రెండుమారులు కన్పట్టుటయే కాలము గడచినదనుటకు గుర్తు. నేటి బొమ్మల కథలలో ఒకే వీరుడు ప్రతి గడియందును మరల మరల కన్పట్టుటకును దీనికిని మూలసూత్రము ఒక్కటియే.

గడులు కావలెనన్న అవియును మన సీమలోనే కలవు. నాగార్జునకొండ శిల్పఫలకములలో ఒక ఘట్టమునకును మరియొక ఘట్టమునకును నడుమ స్తంభములను, వాని మధ్య దంపతుల ప్రతిమలను నిలిపి శిల్పులు కథను భాగములు చేసిరి. పలనాటిలోని గోలి గ్రామమున 1926లో బయటపడిన ఫలకములపై వెస్సంతర జాతకము వరుస తప్పక, ఘట్టము వెంట ఘట్టముగా సాగును. టి.ఎన్. రామచంద్రన్ 1929లో ఆ శిల్పములపై ప్రత్యేక గ్రంథమును వ్రాసిరి. రాతిపై కథను నడపిన ఈ విధానములను కళాచరిత్రకారులు ఇటీవలి కాలమున విభజించి, పేర్లు పెట్టి పరిశీలించుచున్నారు.

ఇక ఈ కథలు చెక్కించిన దెవరు? రాజులు మాత్రమే యని తలంచుట సహజము. శాసనములు వేరు మాట చెప్పుచున్నవి. అమరావతి రాళ్ళపై బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు చెక్కబడి యున్నవి. వర్తకులు, సుగంధద్రవ్యములు అమ్మువారు, భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు వారిలో కలరు. విధికుడను చర్మకారుడు తన బంధువులతో కలసి పూర్ణఘటము చెక్కిన ఫలకమును దానము చేసెను. ఒకరు ఒక స్తంభము, ఒకరు ఒక సూచి, ఒకరు ఒక ఫలకము చొప్పున జనులు తమ సొమ్ముతో ఈ కథలను నిలిపిరి. పత్రికకు చందా కట్టు పాఠకుని వంటివారు వీరు. కాని ఉలి పట్టిన శిల్పుల పేర్లు సామాన్యముగా కానరావు. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరెదము. దీనితో ముందు మరల పని కలదు.

ఈ శిలలపై వీరుడు ఎట్టివాడు? కొట్టువాడు కాడు, ఇచ్చువాడు. ఛద్దంత జాతకములోని ఆరు దంతముల గజరాజు, తనను బాణముతో కొట్టిన వేటగానికి తన దంతములనే ఒసగెను. నలాగిరి కథలో మదగజమును లొంగదీసినది ఆయుధము కాదు, మైత్రి. వెస్సంతరుడు వానలు కురిపించు రాజ్యపు టేనుగును అడిగినవారి కిచ్చి, దేశమునుండి వెడలగొట్టబడి, అడవిలో తన బిడ్డలను సైతము ఒక బ్రాహ్మణునకు దానము చేసెను.

ఇచ్చటనే వినువారి వాదము మొదలగును. బిడ్డలను దానము చేయుట ధర్మమా? ఏడ్చుచున్న పసివారిని ఇచ్చినవానిని వీరుడనుట యెట్లు? ఈ ప్రశ్న మేము నేడు పుట్టించినది కాదు. పాలిభాషలోని మిలిందప్రశ్నలను గ్రంథమున యవనరాజు మిలిందుడు నాగసేన భిక్షువును ఈ మాటయే అడిగెను. పరులకు దుఃఖము కలిగించు దానము దానమగునా యని రాజు నిలదీసెను. రోగిని బండిపై నెక్కించి అతడు కోరిన చోటికి చేర్చినవానికి, ఎద్దులు శ్రమపడినంత మాత్రమున, పుణ్యము లేకపోవునా యని భిక్షువు ఎదురు ప్రశ్నించెను. ఆ సమాధానముతో తృప్తి చెందువారు కొందరు, చెందనివారు కొందరు. ఎద్దునకును బిడ్డకును సామ్యమేమి యని తల్లులు అడుగక మానరు. అయినను ఒక సంగతి స్పష్టము. వీరుని చేష్టను ప్రశ్నించుట భక్తికి లోపము కాదని, ఆ ప్రశ్నను గ్రంథస్థము చేసి తరువాతి తరముల కందించుట ఉచితమని పూర్వులు తలంచిరి.

వీరుని గూర్చిన వాదము పలనాటిలో వేరొక రూపమున నేటికిని నిలిచి యున్నది. 12వ శతాబ్దిలో జరిగిన పలనాటి యుద్ధమును, అందు పడిన వీరులను కారెంపూడి గ్రామము మరువలేదు. ప్రతియేట కార్తిక మాసాంతమున అచ్చట వీరుల గుడి యొద్ద ఐదు దినముల ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఒక్కొక్క దినమున కొక్కొక్క పేరు. ఒక్కొక్క దినమున కథలో నొక్కొక్క ఘట్టము. వీరవిద్యావంతులు కథ పాడుదురు. శ్రీనాథుని పేర వెలసిన ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. జానపదుల నోటి కథను జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు సేకరించి 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. బ్రహ్మనాయుడు చాపకూటిలో అన్ని కులములవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టినందులకు మెచ్చువారు కలరు. కోడిపందెమునకు రాజ్యమును ఒడ్డుట తెలివియా యని అడుగువారు కలరు. నాగమ్మను కుట్రకత్తెగా చెప్పువారు కొందరైతే, ఆ కాలమున మంత్రిపదవి వహించి రాజ్యము నడపిన స్త్రీగా గౌరవించువారు కొందరు. యుద్ధము ముగిసి శతాబ్దములు గడచినను, తీర్పు ముగియలేదు. తీర్పు ముగియకుండుటయే ఆ కథకు ఆయువు.

ఇక అచ్చు పుస్తకముల యుగమునకు వత్తము. 1947 జులైలో చెన్నపురినుండి చందమామ మాసపత్రిక తెలుగునను తమిళమునను బయలుదేరెను. దానిని స్థాపించినవారు బి. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు. పత్రిక పుట్టినది చెన్నపురిలోనైనను, దాని మాటకు పుట్టినిల్లు తెనాలి యనవచ్చును. చక్రపాణిగారు తెనాలివారు. 1952 నుండి సంపాదక బాధ్యత వహించి, ఆ పత్రికకు తేటయైన తెలుగు నేర్పిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1909లో తెనాలిలో జన్మించిరి. అదే 1952లో సంపాదకవర్గమున చేరిన దాసరి సుబ్రహ్మణ్యముగారు తెనాలి ప్రాంతమందలి పెదగాదెలవర్రు గ్రామమువారు. ప్రత్తి చేలకును మిరపకల్లములకును పేరొందిన జిల్లానుండి బయలుదేరిన ఈ మువ్వురి వాక్యములు, క్రమముగా పండ్రెండుకు పైగా భాషలలోనికి మారి, దేశమంతటను పిల్లల చేతిలో నిలిచెను.

దాసరివారు 1954లో తోకచుక్క యను ధారావాహికతో మొదలిడి, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గము, యక్షపర్వతము, మాయాసరోవరము మున్నగు కథలను రెండు దశాబ్దములకు పైగా నడపిరి. ఖడ్గవర్మ, జీవదత్తుడు అని ఒక జంట. జయశీలుడు, సిద్ధసాధకుడు అని మరియొక జంట. వారికి ఎదురుగా మాంత్రికులు, రాక్షసులు, వికృతజంతువులు. వీనికి చిత్ర యను పేరుతో బొమ్మలు వేసిన చిత్రకారుడు మొసలి చర్మము మిలమిలను, కొండచరియ లోతును పిల్లల కన్నులకు కట్టించెను. ప్రతి నెలయు కథ ఒక ప్రమాదపు అంచున ఆగును. ఒక ఊరికి వచ్చు ప్రతులు కొన్ని మాత్రమే యగుటచేత, ఒక ప్రతి పలు ఇండ్లు తిరుగును. చదివినవాడు చదువనివానికి చెప్పును. చెప్పునప్పుడు తన ఊహను కొంత కలుపును. నెల తిరుగులోపల పిల్లలు తమలో తాము పదిరకముల ముగింపులు కల్పించుకొందురు. క్రొత్త సంచిక వచ్చిన నాడు ఎవరి ఊహ నెగ్గినదో తేలును.

ఈ తర్కమును కథలోనే ఇమిడ్చిన శీర్షిక బేతాళకథలు. 1955 నుండి చందమామలో అవి నడచెను. విక్రమార్కుడు చెట్టుపై శవమును దించి భుజమున వేసికొని మౌనముగా నడచును. శవమందలి బేతాళుడు కథ చెప్పి, చివరను ఒక చిక్కు ప్రశ్న వేయును. సమాధానము తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పిన మౌనభంగమై బేతాళుడు మరల చెట్టెక్కును. ప్రాచీనమైన ఇరువదియైదు కథలు ముగిసిన పిమ్మట, అనేక సంవత్సరములు క్రొత్త కథలతో ఈ శీర్షిక సాగెను. పాఠకులు పంపిన కథలు పెక్కు ఆ చట్రములో ఇమిడి బేతాళుని నోట పలికెను. తెలివిగల పిల్లలు ప్రశ్న వద్ద పుస్తకము మూసి, విక్రమార్కుని సమాధానము చూడకముందే తమ తీర్పు చెప్పి వాదించుకొనుట పలు ఇండ్లలో నడచిన వేడుక. కత్తి పట్టిన రాజు ఇచ్చట కత్తి దూయడు. అతని బలము తీర్పులో నున్నది. ఆ బొమ్మ వేసిన శంకర్ 2020లో కన్నుమూసిరి. కత్తి చేతబట్టి, భుజమున శవముతో నడచు ఆ రాజును చూడగానే గుర్తుపట్టని తెలుగువారు ఆ తరమున అరుదు.

ఈ కాలముననే పాశ్చాత్య వీరులును మన దేశమున అడుగిడిరి. లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్ 1936లో అమెరికా దినపత్రికలలో పుట్టెను. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు యువకుల సూపర్‌మాన్ 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో వెలసెను. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఇంద్రజాల్ కామిక్స్ ప్రారంభించి ఫాంటమ్‌ను మన పిల్లల కందించెను. ఆ ప్రచురణ 1990 వరకు సాగెను. 1967లో అనంత పాయ్ అమర చిత్రకథను మొదలుపెట్టి పురాణవీరులను గడులలోనికి దించెను. సూపర్‌మాన్ ఆకాశమున ఎగురును, ఇనుమును వంచును. ఫాంటమ్‌కు అట్టి శక్తులు లేవు. తండ్రి పిమ్మట కుమారుడు అదే ముసుగు ధరించుటచేత అడవిజనులు అతనిని చావులేని వానిగా భావింతురు. మన పిల్లలు హనుమంతుని ఎరిగినవారు గనుక ఎగురుట వారికి వింత కాలేదు. ముసుగువీరుడు సైతము వారికి త్వరలోనే చుట్టమైనాడు. ఎవని బలము గొప్పది యను వాదములో ఒక్క ప్రక్క భీముడు, వేరొక ప్రక్క సూపర్‌మాన్ నిలిచిన సందర్భములు కలవు. పరదేశపు వీరుని తెచ్చి మన వీరుని సరసను నిలిపి తూచుట అనుకరణ కాదు. అది మన పాత తర్కమునకు క్రొత్త మేత.

ఇంతవరకు సంతోషకరమైన కథ. నష్టపు కథయు చెప్పక తప్పదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతి పట్టణమును కట్టించుచున్నప్పుడు, దిబ్బగా మారియున్న స్తూపమును రాళ్ళకొరకు త్రవ్విరి. కొన్ని ఫలకములు కట్టడములలో చేరెను. కొన్ని కాలి సున్నమైపోయెను. శిల్పికి మెత్తనై అనుకూలించిన సున్నపురాయి గుణమే వానికి మృత్యువైనది. కాలిన్ మెకంజీ చూచి వెళ్ళి, 1816 తరువాత మరల వచ్చి, మిగిలిన శిల్పములకు చిత్తరువులు వ్రాయించెను. రాయి పోయినను, ఆ చిత్తరువుల వలన కొన్ని కథలు నేడు మనకు తెలియుచున్నవి. వాల్టర్ ఎలియట్ 1845లో త్రవ్వించి పెక్కు ఫలకములను చెన్నపురికి పంపెను. అందు చాల భాగము 1859లో లండన్ చేరెను. 1877లో సూయెల్, 1881లో బర్జెస్ త్రవ్వకములు జరిపిరి. నేడు అమరావతి కథ మూడు ముక్కలై యున్నది. ఒక భాగము బ్రిటిష్ మ్యూజియమున, ఒక భాగము చెన్నపురిలో, మిగిలినది అమరావతిలో. ప్రదక్షిణము చేసి చదువవలసిన కథను చదువుటకు నేడు సముద్రములు దాటవలెను.

చందమామకును అట్టి గతియే పట్టెను. చేతులు మారి, క్రొత్త యాజమాన్యముల క్రింద కొంతకాలము నడచి, 2012–13 ప్రాంతమున పత్రిక నిలిచిపోయెను. దాసరివారు 2010 జనవరిలో తనువు చాలించిరి. మూడు తరములు ఊపిరి బిగబట్టి చదివిన ఆ ధారావాహికలపై ఆయన పేరు అచ్చుపడలేదు. స్తంభము చెక్కిన శిల్పి వలె ఆయనయు పేరులేని కర్తగనే పెక్కేండ్లు గడపెను. ఖడ్గవర్మను ఎరిగినవారు లక్షలు, ఖడ్గవర్మను పుట్టించినవానిని ఎరిగినవారు కొందరు.

అయినను ఈమారు కథ పూర్తిగా సున్నమై పోలేదు. దానికి కారణము అభిమానులు. పాత సంచికలు దాచుకొన్నవారు వానిని వెదకి, చినిగిన పుటలు అతికించి, లేని సంచికలు ఒకరి కొకరు ఇచ్చిపుచ్చుకొని, వరుసలు పూర్తి చేసిరి. ధారావాహికలు చిత్రగారి బొమ్మలతో పుస్తకములుగా మరల వెలువడెను. వానిపై దాసరి సుబ్రహ్మణ్యము అను పేరు నిలిచెను. "తరువాత నేమి జరుగును?" అని పసితనమున వాదించుకొన్నవారే, పెద్దవారైన పిదప ఆ కథను కాచుకొనిరి. మెకంజీ చిత్తరువులు చేసిన పనిని ఇచ్చట పాఠకుల ప్రేమ చేసినది. వారి ముచ్చట వ్యర్థమని ఎవరనగలరు?

కావున శ్రోతలకు మేము విన్నవించుకొనునది స్వల్పము. మీ పిల్లలు ఒక బొమ్మల పుస్తకమును ముందర పెట్టుకొని, వీరుడు చేసినది ఒప్పా, తప్పా యని కలహించుచున్న, వారిని గద్దింపకుడు. మిలిందుడు వేసిన ప్రశ్ననే వారును వేయుచున్నారు. బొమ్మ వేసినవారి పేరు, కథ వ్రాసినవారి పేరు పుటపై వెదకి చదువుటను వారికి నేర్పుడు. వీలైన ఒక సెలవునాడు వారిని అమరావతికి తోడ్కొనిపొండు. అచ్చటి మ్యూజియమున మిగిలిన రాళ్ళు కొన్నియే. స్తూపస్థలమున నేడు మిగిలినది పునాదుల వలయము మాత్రమే. అయినను ఆ వలయము చుట్టును కుడివైపుగా నడచుచు ఒక్క జాతకకథ చెప్పుడు. వెస్సంతరుడు బిడ్డల నిచ్చు ఘట్టము వద్ద నిలుపుడు. తరువాత నేమి జరుగవలెనో వారినే చెప్పనిండు.